పప్పుజాతి పశుగ్రాసములు: వేరుబుడిపెలలోని తారతమ్యములు

పప్పుజాతి పైరు వేసిన నేల బలపడునని మన రైతులకు అనాదిగా తెలియును. కృష్ణా గోదావరీ డెల్టాలలో వరి కోతకు కొన్ని దినములు ముందుగా, తడి ఆరని చేలలో పిల్లిపెసరను, జనుమును చల్లుదురు. అవి పెరిగి పశువులకు మేతయగును; మిగిలిన దానిని దున్ని నేలలో కలిపివేయుదురు. మన విద్యార్థులలో అనేకులు ఇది కన్నులార చూచినవారే. పెద్దలు అనుభవముచే గ్రహించిన ఈ సత్యమును శాస్త్రజ్ఞులు పరీక్షలచే స్థిరపరచిరి. కాని దీనితోబాటు ఒక అపోహయు ప్రబలియున్నది. పప్పుజాతి మొక్క ఏదైనను, ఎక్కడ వేసినను, ఎట్లు పెంచినను గాలిలోని నత్రజనిని సమానముగా గ్రహించి నేలకిచ్చునని పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. ఈ శక్తి జాతిజాతికి, ఒకే జాతిలో మొక్కమొక్కకు, ఒకే మొక్కలో దినదినమునకు మారుచుండును. ఈ భేదములలో కొన్ని పుట్టుకతో వచ్చినవి. కొన్ని మొక్కయొక్క శరీరధర్మమువలన కలిగినవి. వీనిని ఎరుగని రైతు ఎరువు ఖర్చు తగ్గునని ఆశించి నష్టపోవును. ఎరిగినవాడు అదే విత్తనముతో లాభము పొందును. కావున ఈ విషయమును సాధ్యమైనంత తేటగా వివరింపబూనితిమి.

గాలిలో అయిదింట నాలుగు పాళ్లకు కొంచెము తక్కువగా నత్రజనియే యున్నది. ఒక ఎకరము నేలపై నిలిచియున్న గాలిలో దాదాపు 30 వేల టన్నుల నత్రజని గలదు. అయినను ఆ ఎకరములోని వరిమొక్క నత్రజని లేక పసుపువారి పోవచ్చును. ఏలయన, గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి చేరి మూడు బంధములచే గట్టిగా పెనవేసికొని యుండును. ఆ ముడిని విప్పుట సామాన్య వృక్షములకు సాధ్యము కాదు. ఎరువుల కర్మాగారములలో ఈ పని చేయుటకు 400 మొదలు 500 డిగ్రీల వేడిమియు, గాలి ఒత్తిడికి నూరు రెట్లకు మించిన ఒత్తిడియు కావలెను. అట్టి కార్యమును అలసంద మొక్క వేరులోని మిరియపు గింజంత బుడిపె, చప్పుడులేక, నేలయొక్క సహజమైన వేడిమియందే నెరవేర్చుచున్నది.

ఈ రహస్యమును బయలుపరచినవారు జర్మనీ దేశస్థులైన హెల్‌రీగెలు, విల్‌ఫార్తు అనువారు. 1886వ సంవత్సరమున బెర్లిను నగరమందు జరిగిన సభలో తమ పరిశోధనలను తెలిపి, 1888లో వానిని విపులముగా ప్రకటించిరి. వారు ఇసుకను బాగుగా కాల్చి, సూక్ష్మజీవులు లేకుండ జేసి, అందు బటానీలను నాటగా మొక్కలు ఆకలిచే కృశించినవి. ఆ ఇసుకలో కొంచెము పొలపుమట్టి కలిపిన నీరు పోయగా వేరులయందు బుడిపెలు పుట్టి మొక్కలు పచ్చబడినవి. ఇందులో మిక్కిలి గమనింపదగిన అంశము మరియొకటి గలదు. బటానీకి మేలుచేసిన మట్టినీరు లూపినను పశుగ్రాసపు మొక్కకు పనికిరాలేదు. లూపిను పెరిగెడి ఇసుకనేలనుండి తెచ్చిన మట్టినీరు పోసినపుడే దానికి బుడిపెలు పుట్టెను. అనగా ఒక మొక్కకు చుట్టమైన సూక్ష్మజీవి వేరొక మొక్కకు పరాయిదని నాడే తేలినది. ఆ 1888లోనే హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడగు బైయెరింకు ఈ జీవిని బుడిపెనుండి వేరుపరచి పెంచెను. నేడు దీనిని, దీని బంధువర్గమును కలిపి రైజోబియములందురు.

ఈ చుట్టరికము ఎట్లు ఏర్పడుచున్నదో తెలిసికొందము. మొక్కవేరు కొన్ని ద్రవ్యములను మట్టిలోనికి విడిచిపెట్టును. లూసర్ను విడుచు ద్రవ్యములలో ల్యూటియోలినను దానిని 1986లో గుర్తించిరి. దానిని పసికట్టిన రైజోబియము తన వంతుగా ఒక సంకేతద్రవ్యమును తయారుచేసి వేరుకు పంపును. ఆ సంకేతము సరియైనదైనచో వేరుమీది నూగువెండ్రుక కొన వంగి సూక్ష్మజీవిని లోపలికి చేర్చుకొనును. లూసర్ను రైజోబియముయొక్క సంకేతమునకు కొనయందు గంధక సంబంధమైన చిన్న తునక ఒకటి తగిలియుండునని 1990లో కనుగొనిరి. ఆ తునకను తగిలించు ఒక్క జన్యువు చెడినచో ఆ జీవికి లూసర్నులో ప్రవేశము పోవును; అంతవరకు తలుపు తెరువని వెచ్ అను వేరొక పశుగ్రాసపు మొక్క దానిని లోనికి రానిచ్చును. తాళపుచెవికి ఒక పల్లు విరిగినపుడు అది వేరొక ఇంటి తాళమును తెరచినట్లున్నది.

కావుననే పప్పుజాతి మొక్కలను చుట్టరికమునుబట్టి గుంపులుగా విభజించియున్నారు. లూసర్నును, మన వంటింటి మెంతిని ఒకే రైజోబియము ఆశ్రయించును. బర్సీముది క్లోవరుల గుంపు. లూసర్ను జీవి దానికి పనికిరాదు. అలసంద, పిల్లిపెసర, జనుము, ఉలవ, వేరుశనగ మొదలైనవి మరియొక విశాలమైన గుంపునకు చెందినవి. ఈ గుంపుజీవులు మన నేలలలో విరివిగా నుండుటచే ఏ శ్రమయు లేకయే అలసందకు బుడిపెలు పుట్టును. కాని మునుపెన్నడును లూసర్నుగాని, మెంతిగాని పండని చేలలో లూసర్ను చల్లి, రైజోబియము కల్చరు పట్టింపక యున్నచో, మొక్కలు పాలిపోవుటలో ఆశ్చర్యము లేదు. గాలిలో నత్రజని గలదు, నేలలో మొక్క గలదు. నడుమనుండవలసిన చుట్టము మాత్రము లేదు.

సరియైన జీవియే ప్రవేశించినదనుకొందము. అప్పుడైనను పని తేలిక కాదు. నత్రజని ముడిని విప్పునట్టి ఎంజైమునకు నైట్రోజినేజు అని పేరు. ఇనుము, మాలిబ్డినము అను లోహములు దానిలో చేరియున్నవి. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చుటకు కనీసము 16 ఏ.టి.పి. అణువులు వ్యయమగును. ఏ.టి.పి. యనగా జీవకణములు తమ పనులకై వెచ్చించు శక్తినాణెము. ఆ శక్తి యంతయు ఆకులలో తయారై క్రిందికి దిగిన చక్కెరనుండియే రావలెను. ఇదిగాక ఈ ఎంజైము ప్రాణవాయువు తగిలిన చెడిపోవును. కాని సూక్ష్మజీవి ఊపిరి పీల్చుటకు ప్రాణవాయువు లేకయు తీరదు. ఈ చిక్కును తీర్చుటకు బుడిపెలో మన రక్తములోని ఎర్రని పదార్థమునకు బంధువైన లెగ్‌హీమోగ్లోబిను గలదు. అది ప్రాణవాయువును పట్టుకొని, కొలతప్రకారము జీవికి అందించును. పనిచేయుచున్న బుడిపెను కోసినపుడు లోపల గులాబీ లేక ఎరుపు రంగు కనబడుటకు కారణమిదియే.

ఇక జాతిభేదములను చూతము. లూసర్ను, బర్సీము, క్లోవరుల బుడిపెలు పొడవుగా, వ్రేలివలె నుండును. వాని కొన ఎల్లప్పుడు పెరుగుచుండుటచే ఒకే బుడిపె చిరకాలము పనిచేయగలదు. అలసంద, పిల్లిపెసర మొదలగు వాని బుడిపెలు గుండ్రనివి. అవి కొంత పరిమాణమునకు పెరిగి ఆగిపోవును. కొన్ని వారములు పనిచేసి, కాయలు నిండుకాలమున ముదిరి క్షీణించును. లోపలి వ్యవహారములోను తేడా గలదు. లూసర్ను మొక్క తన బుడిపెలోని జీవులపై అసంఖ్యాకములగు చిన్న మాంసకృత్తులను ప్రయోగించి, వానిని ఉబ్బజేసి, మరల సంతతి కనలేని స్థితికి తెచ్చును. అవి జీవితాంతము ఆ మొక్కకు పనిచేయుటకే మిగులును. లూసర్నుకు చుట్టమైన ఒక మెడికాగో జాతిలో ఇట్టి మాంసకృత్తులను నిర్మించు జన్యువులు సుమారు 700 గలవు. అలసందలోని జీవులకు ఇట్టి నిర్బంధము లేదు. బుడిపె కుళ్లినపుడు వానిలో కొన్ని నేలలో చేరి మరల వృద్ధిపొందగలవు.

బుడిపెలో తయారైన నత్రజనిని పైకి పంపు విధమునను ఈ రెండు తెగలు వేరు. లూసర్ను, క్లోవరులు దానిని ఆస్పరజిను, గ్లూటమిను అను రూపములలో పంపును. అలసంద, సోయాచిక్కుడు మొదలైనవి అల్లంటోయిను మున్నగు యూరైడుల రూపమున పంపును. ఇది పండితులకు మాత్రమే పట్టిన సంగతి యని చదువరులు తలంపరాదు. నేల ఎండనారంభించినపుడు యూరైడులను పంపు మొక్కలలో పెక్కింటికి, ఆకులు వాడుటకు ముందే నత్రజని సంపాదన తగ్గునని 1995లో శాస్త్రజ్ఞులు చూపిరి. అలసంద చేను బెట్టకు ఓర్చి పచ్చగానే యున్నను దాని బుడిపెలు అప్పటికే పని తగ్గించియుండవచ్చును. పై పచ్చదనమును చూచి లోపలి పనిని నిర్ణయింపరాదు.

ఒకే జాతిలోని మొక్కల మధ్యను వంశభేదము గలదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనాస్థానమునకు చెందిన నట్‌మను అను శాస్త్రజ్ఞుడు ఎర్రక్లోవరుపై దీర్ఘకాలము కృషిచేసెను. అనేక మొక్కల నడుమ ఎక్కడనో ఒకటి బుడిపెలే లేక కనబడెను. ఆ లోపము ఒక అంతర్గత జన్యువువలనను, దానితోబాటు తల్లిమొక్క కణద్రవ్యమునుండి వచ్చిన గుణమువలనను కలుగునని ఆయన 1949లో ప్రకటించెను. మరికొన్ని మొక్కలలో బుడిపెలు పుట్టును గాని పనిచేయవు. ఒకానొక రైజోబియముతో పనిచేయని మొక్క వేరొక రైజోబియముతో చక్కగా పనిచేయుటయు గలదు. అనగా గుణము మొక్కదని గాని, జీవిదని గాని వేరువేరుగా చెప్ప వీలులేదు. ఆ రెంటి పొత్తునకు సంబంధించినది.

లూసర్నులో ఈ వైవిధ్యము మరింత ఎక్కువ. ఈ మొక్క కణములో ప్రతి క్రోమోసోమునకు నాలుగేసి ప్రతులుండి, మొత్తము 32 క్రోమోసోములు గలవు. పరపరాగ సంపర్కముచే గింజలు కట్టును. అందుచే ఒకే సంచిలోని రెండు గింజలు అన్నివిధముల సమానములని చెప్పరాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1970 తరువాతి సంవత్సరములలో శాస్త్రజ్ఞులు లూసర్ను మొక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించి, నత్రజనిని ఎక్కువగా గ్రహించువానిని ఒక ప్రక్కకు, తక్కువగా గ్రహించువానిని మరియొక ప్రక్కకు ఏరి, వాని సంతతిని పెంచిరి. ఆ గుణము సంతతికి సంక్రమించునని తేలెను. కాని బుడిపె శక్తి యొక్కటే చాలదనియు స్పష్టమయ్యెను. ఆకు బలముగా నుండవలెను, వేరు విస్తరింపవలెను, బుడిపెల బరువు తగినంత యుండవలెను, పుట్టిన అమ్మోనియాను వెంటనే స్వీకరించు ఎంజైములు చురుకుగా నుండవలెను. ఈ నాలుగింటిలో ఏది కొరవడినను తక్కినవాని బలము వృథా. ఎద్దులు ఎంత మంచివైనను కాడి విరిగినచో బండి కదలదు గదా!

సూక్ష్మజీవుల వంశములలోను మంచివి, సోమరులును గలవు. నైట్రోజినేజు పనిచేయునపుడు నత్రజనితోబాటు కొంత శక్తి ఉదజని వాయువు రూపమున వ్యర్థమగుచుండును. కొన్ని రైజోబియములు ఆ ఉదజనిని మరల పట్టి వినియోగించుకొనును, కొన్ని వదలివేయును. అంతకన్న ముఖ్యమైనది, నేలలో ముందునుండి నివసించు నిష్ప్రయోజకములగు జీవులు, మనము విత్తనముతో పంపిన సమర్థములైన వానికంటె ముందుగా వేరును ఆక్రమించుట. అట్టి మొక్కలయందు బుడిపెలు లెక్కకు అధికముగానే యుండును. కాని చిన్నవి, తెల్లనివి. సమర్థులగు జీవులు చేరినచోట బుడిపెలు కొలదిగా నుండి, పెద్దవై, లోపల ఎర్రగా నుండును.

బుడిపెల సంఖ్య పెరిగినచో లాభము పెరుగునా యను ప్రశ్నకు 1985లో ఆస్ట్రేలియాలో ప్రకటింపబడిన సోయాచిక్కుడు పరిశోధన చక్కని ప్రత్యుత్తరము. మామూలుగా మొక్క తనకు చాలినన్ని బుడిపెలు పుట్టగానే ఇక చాలునని ఆకునుండి వేరుకు సందేశము పంపి, క్రొత్తవానిని ఆపివేయును. ఈ కట్టుబాటు జన్యుమార్పుచే తప్పిన మొక్కలకు వేరునిండ గుత్తులు గుత్తులుగా బుడిపెలు పుట్టెను. అయినను ఆ మొక్కలు బాగుగా పెరుగలేదు. సంపాదనకంటె పోషణభారము ఎక్కువైనపుడు ఇల్లు గడువనట్లే, బుడిపెలను మేపుటలోనే మొక్క చిక్కిపోయెను. మితము తప్పిన మేలు కీడేయని దీనివలన తెలియుచున్నది.

ఇంతవరకు పుట్టుకతో వచ్చిన భేదములను చెప్పితిమి. ఇక మన చేతిలోనున్న వానిని వివరింతుము. పశుగ్రాసపు పైరునకు ప్రత్యేకమైన ఆపద కొడవలి. బుడిపె చక్కెరచే బ్రతుకునని పైన చెప్పియుంటిమి. ఆకును కోసివేయగానే ఆ సరఫరా తగ్గును. మిన్నెసోటాలోనే 1979లో ప్రకటింపబడిన పరీక్షలో, లూసర్నును కోసిన 24 గంటలలో నత్రజని గ్రహించు శక్తి నూటికి 80 వంతులకు పైగా పడిపోయినది. అదృష్టవశమున లూసర్ను వేరులో నిలువయున్న పిండిపదార్థముచే బుడిపెలు చావక నిలిచి, క్రొత్త చిగురు వచ్చిన పిమ్మట సుమారు రెండు వారములకు మరల శక్తిని పుంజుకొనెను. మన ప్రాంతములలో లూసర్నును 25 మొదలు 30 దినముల కొకసారి కోయుట వాడుక. ఆ వ్యవధిలో దాదాపు సగము కాలము బుడిపెలు కోలుకొనుటకే సరిపోవునని గ్రహింపవలెను. మేతకు తొందరపడి ఇంకను ముందుగా కోసినచో, బుడిపెలు పనికి వచ్చువేళకే వాని అన్నము లాగివేసినవారమగుదుము.

రెండవది ఎరువు. నేలలో నైట్రేటు సమృద్ధిగా నున్నపుడు మొక్క బుడిపెలకై కష్టపడదు, ఉన్నవియు మందగించును. యూరియా విస్తారముగా చల్లి, పప్పుజాతి మొక్క గాలినుండి నత్రజనిని తెచ్చునని ఎదురుచూచుట, కడుపునిండ పెట్టి ఆకలిగొని తినుమనుట వంటిది. భాస్వరపు ఎరువు అట్లుగాదు. బుడిపెలకది మిక్కిలి అవసరము. మూడవది నేలగుణము. పులుపు నేలలలో లూసర్ను రైజోబియము నిలువజాలదు. అలసంద గుంపుజీవులలో పెక్కు దానికి ఓర్చుకొనును. పులుపు నేలలో మొక్కకు మాలిబ్డినము అందుటయు తగ్గును.

ఇప్పుడు అసలైన లెక్క చూతము. పప్పుజాతి పశుగ్రాసము పైభాగమున ఒక్కొక్క టన్ను ఎండుమేతకు ఉజ్జాయింపుగా 20 మొదలు 25 కిలోల నత్రజని గాలినుండి లభించునని వివిధ దేశముల పరీక్షలవలన తేలినది. కాని ఒక టన్ను ఎండు లూసర్నులో 25 మొదలు 30 కిలోల నత్రజని యుండును. అనగా కోసిన మేతనంతయు మోసికొనిపోయినచో, గాలినుండి వచ్చినది పోవుటయేగాక నేలలోని కొంత నత్రజనియు దానివెంట పోవచ్చును. నేలకు మిగులునది వేరులు, మోడులు, రాలిన ఆకులు మాత్రమే. పప్పుజాతి పైరు నేలను బలపరచుననుట ఈ విధముగా షరతుతో కూడిన మాట. పిల్లిపెసరలో కొంతభాగమైనను పచ్చగా దున్నినవాని వరికి లాభము కలుగును. మేతనంతయు ఇంటికి తెచ్చినవాడు పేడను, పశువుల మూత్రముతో తడిసిన చెత్తను జాగ్రత్తపరచి మరల ఆ చేనికే చేర్చవలెను. ఏలయన పశువు తిన్న నత్రజనిలో చాలభాగము పేడలోను, మూత్రములోను తిరిగి వచ్చుచున్నది. మూత్రమును వ్యర్థపరచినవాడు గాలినుండి వచ్చిన ధనమును మరల గాలికే అర్పించినవాడగును.

విద్యార్థులారా, ఈ సంగతులను పుస్తకమున చదివి ఊరకుండవలదు. మీ ఇంటి చేనిలోగాని, పాఠశాల తోటలోగాని పూతకు వచ్చుచున్న అలసంద మొక్కను ఒకదానిని, పెరికివేయక, పారతో మట్టిగడ్డతోసహా పైకెత్తుడు. నీటిలో మెల్లగా కడిగి బుడిపెలను లెక్కింపుడు. కొన్నింటిని పదునైన బ్లేడుతో రెండుగా కోసి రంగు చూడుడు. ఎర్రగానున్నచో పని జరుగుచున్నది. తెల్లగానున్నచో ఇంకను లేతది లేక పనికిరానిది. ఆకుపచ్చగానో, గోధుమరంగుగానో యున్నచో ముదిరి క్షీణించినది. నీడనున్న మొక్కను ఎండనున్న మొక్కతోను, యూరియా వేసిన మడిని వేయని మడితోను పోల్చి వ్రాసికొనుడు. లూసర్నును క్రొత్త నేలలో చల్లు బంధువులుండినయెడల, ఆ మొక్కకే ఉద్దేశింపబడిన రైజోబియము కల్చరును చల్లారిన బెల్లపు నీటితో గింజలకు పట్టించి, ఎండ తగులనీక నీడను ఆరబెట్టి విత్తుమని చెప్పుడు. అలసందకై చేసిన కల్చరు లూసర్నుకు పనికిరాదని మరువక హెచ్చరింపుడు.

ఒక మంచి పంటకు మొక్క వంశము, జీవి వంశము, పెంచువాని వివేకము అను మూడును కూడిరావలెను. మొదటి రెండు భేదములను శాస్త్రజ్ఞులు పరిశోధనాలయములలో సరిదిద్దుచున్నారు. మూడవది రైతు చేతిలోను, రేపటి రైతులగు మీ చేతిలోను ఉన్నది. చేనిపై పచ్చదనమును చూచి తృప్తిపడక, ఒకమారు మట్టి త్రవ్వి వేరును పరీక్షించుట మీకు అలవాటైనచో మా ఈ చిన్ని ప్రయత్నము సఫలమైనట్లే.